లక్ష లోపు పాత కారు కొన్నారా? ఇంటి దగ్గరే దారికి తెచ్చుకోండి ఇలా

"లక్ష లోపు ఆల్టో ఒకటి ఉంది, లక్షన్నర కిలోమీటర్లు తిరిగింది. తీసుకోవచ్చా? తీసుకున్నాక మొదట ఏం చేయాలి?" నరసన్నపేట నుంచి చీపురుపల్లి దాకా పాత కారు కొనేవాళ్లు అడిగేవి ఈ రెండు ప్రశ్నలే. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. మారుతి 800, ఆల్టో, వ్యాగన్ ఆర్, శాంత్రో లాంటి చిన్న పెట్రోల్ కార్లను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. డీజిల్ బండి అయితే ఇంజెక్టర్లు, పంపు పని దానికోసమే ఉన్న షెడ్డుకు వదిలేయండి. ప్లగ్గులు, థ్రాటిల్ బాడీ తప్ప మిగతాదంతా దానికీ వర్తిస్తుంది.

ముందే ఒక మాట. మన తీరంలో పాత కారును ఇంజన్ కంటే ముందు తుప్పు తినేస్తుంది. ఇంజన్ ఎంత అరిగినా సామాన్లు దొరుకుతాయి, విప్పి బిగించే మేస్త్రులు రాజాంలోనూ ఉన్నారు, బొబ్బిలిలోనూ ఉన్నారు. అడుగు రేకు పోయిన బండికి పెట్టిన డబ్బు మాత్రం తిరిగి రాదు. అందుకే బానెట్ ఎత్తే ముందు బండి కింద పడుకుని చూడమంటాను.

ఇంకా కొనకపోతే ఇవి చూడండి

సీటు బెల్టును చివరిదాకా లాగండి. బయటికి కనిపించే భాగాన్ని అమ్మేవాళ్లు తుడుస్తారు. లోపల చుట్టుకుని ఉన్న చివరి జానెడు మీద మట్టి చార ఉంటే ఆ బండి ఎప్పుడో నీళ్లలో నిలబడింది. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్లు, మధ్యమధ్యలో వంశధార, నాగావళి వరదలు చూసిన జిల్లాలు ఇవి. ఈ పరీక్ష మానకండి. సీటు కింద పట్టాలు, డ్యాష్‌బోర్డు కింద వైర్ల జాయింట్లు కూడా చూడండి. రాగి తీగ మీద పచ్చటి చిలుము పట్టి ఉంటే ఆ బండి వద్దు. దాని కరెంటు సమస్యలు తెమలవు.

చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచు, చక్రాల పైభాగం వెంట జరపండి. పట్టుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది.

కాగితాల సంగతి క్లుప్తంగా: ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి 5 ఏళ్ల చొప్పున పొడిగిస్తారు. 20 ఏళ్లు దాటిన కార్లకు ఈ రెన్యువల్ ఫీజును కేంద్రం 2025లో బాగా పెంచింది. లెక్కలో అదీ వేసుకోండి. ఇచ్ఛాపురం, పలాస వైపు ఒడిశా నంబరు బండ్లు చవగ్గా వస్తుంటాయి. వాటికి అక్కడి ఎన్‌ఓసీ (ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపితే ఆ చవకతనం ఎంత మిగులుతుందో చూసుకుని బేరమాడండి. ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు ఉంటే అది తీయించే దాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

నా సలహా ఏమిటంటే, చేతిలో ఉన్న డబ్బంతా బండికే పెట్టకండి. మూడో వంతు బాగుచేతకు పక్కన ఉంచి, మిగిలిన దాంట్లో వచ్చే బండినే చూడండి.

కావలసిన సామాను

- హైడ్రాలిక్ జాకీ, రెండు యాక్సిల్ స్టాండ్లు, చక్రాల వెనక పెట్టడానికి చెక్క దిమ్మలు
- రింగు స్పానర్లు, సాకెట్ సెట్, ప్లగ్ సాకెట్
- మల్టీమీటర్ (చవకరకం చాలు)
- వైర్ బ్రష్, ఎమరీ పేపర్, తుప్పు కన్వర్టర్, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, అండర్‌బాడీ కోటింగ్
- బ్రేక్ ఫ్లూయిడ్ కొత్త సీసా, మీటరు పొడవు సన్నటి పారదర్శకమైన పైపు
- కూలెంట్, అయిదారు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ (బ్యాటరీ నీళ్లని అమ్మేవే)
- ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు
- పాత ఆయిల్ పట్టడానికి వెడల్పాటి ట్రే, మూత ఉన్న డబ్బా
- కళ్లద్దాలు, చేతి తొడుగులు, ఒక నోటుపుస్తకం

స్టాండ్లు కొనలేకపోతే షెడ్డు నుంచి అద్దెకు తెచ్చుకోండి. ఇటుకల మీద, సిమెంటు దిమ్మల మీద బండిని నిలబెట్టి కిందికి దూరొద్దు. ఇటుక ముందుగా చెప్పి పగలదు. ఒక్క జాకీ మీద నమ్మకంతో కూడా దూరొద్దు. మట్టి నేల అయితే జాకీ కింద మందపాటి చెక్క వేయండి. పల్లంగా ఉన్న వాకిట్లో ఈ పని అసలు పెట్టుకోకండి.

సామాను శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో దొరకకపోతే విశాఖ దుకాణానికి ఫోన్ చేసి ఆర్టీసీ కార్గోలో వేయమనండి. పాత ముక్క ఫొటో, దాని మీద ఉన్న పార్టు నంబరు, ఛాసిస్ నంబరు పంపితే తప్పు సామాను రాదు. "ఆల్టో బ్రేక్ ప్యాడ్లు" అంటే సరిపోదు, మోడల్ ఏడాదిని బట్టి మారతాయి.

1. అడుగు చూడండి

మొదట బండిని తక్కువ ప్రెషరున్న మంచినీళ్లతో కింద బాగా కడిగి, ఒక రోజు ఎండనివ్వండి. తర్వాత ముందు భాగం ఎత్తి స్టాండ్ల మీద పెట్టి, టార్చి వేసుకుని చూడండి. ఆ తర్వాత వెనక భాగం.

చూడాల్సిన చోట్లు ఇవి: జాకీ పెట్టే అంచులు, తలుపుల కింద పొడుగునా ఉండే పెట్టె భాగం, కాళ్లు పెట్టే చోట అడుగు రేకు, ముందు షాకబ్జర్ల పైభాగం బానెట్ లోపల బిగించి ఉండే చోటు, డిక్కీలో స్టెప్నీ గుంట, బ్రేక్ పైపులు, పెట్రోల్ పైపులు. లోపలి కార్పెట్ ఎత్తి కింద ఉన్న దూది అట్ట తడిగా ఉందేమో చేత్తో నొక్కి చూడండి. అట్ట తడిగా ఉంటే ఆ రేకు పైనుంచీ కిందనుంచీ రెండు వైపులా తుప్పు పడుతోందన్నమాట.

స్పానర్ వెనక భాగంతో రేకును తేలిగ్గా తట్టుకుంటూ రండి. గట్టి రేకు ఖంగుమంటుంది. తిన్న రేకు బొద్దుగా, చప్పుడు లేకుండా పలుకుతుంది. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. పైన రంగు పొర లేచి కింద ఎర్రటి పొడి రాలి, ఇంకా లోపల మెరిసే లోహం కనిపిస్తే అది పైపైన పట్టిన తుప్పు, మీ చేతిలో పని. మొన లోపలికి దిగిపోతే అది టింకరింగ్ షాపులో కోసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టాల్సిన పని. షాకబ్జర్ పైభాగంలోనో, ముందు చట్రం బార్లలోనో మొన దిగితే ఆ బండి మీద ఇంకో రూపాయి పెట్టొద్దు. పుట్టీ, ఫైబర్ అట్టలతో అలాంటి చోట్లు కప్పేవాళ్లున్నారు. గుద్దుకున్నప్పుడు ప్రాణం కాపాడాల్సిన భాగాలవి, వాటిలో దొంగపని కూడదు.

2. తుప్పును ఆపండి

ఈ పనికి సంక్రాంతి నుంచి మే నెల దాకా మంచి కాలం. వానల్లో రేకు పైకి పొడిగా కనిపించినా గాలిలో తేమకు ప్రైమర్ సరిగా పట్టదు.

వైర్ బ్రష్‌తో వదులుగా ఉన్న తుప్పంతా రాల్చండి. ఎమరీ పేపర్‌తో గట్టి లోహం వచ్చే దాకా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, తుప్పు కన్వర్టర్ పూయండి. తుప్పు నల్లగా మారుతుంది. సీసా మీద చెప్పినంతసేపు ఆగి, ప్రైమర్ పల్చగా రెండు పూతలు, అది పూర్తిగా ఆరాక అండర్‌బాడీ కోటింగ్. సైలెన్సర్, బ్రేక్ డిస్కులు, డ్రమ్ములు, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్లు, రబ్బరు బుష్‌ల మీద కోటింగ్ పడకుండా పాత పేపర్లు కట్టండి. తలుపుల కింది అంచున, అడుగు పెట్టె భాగంలో నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. వాటిని పుల్లతో తెరవండి, కోటింగ్‌తో మూయకండి.

ఇక్కడ అందరూ చేసే తప్పు, తుప్పు మీదే నేరుగా నల్ల కోటింగ్ కొట్టించడం. చూడ్డానికి కొత్తగా ఉంటుంది, లోపల తేమ బందీ అయి రేకు ఇంకా త్వరగా పోతుంది. అమ్మకానికి పెట్టిన పాత బండి అడుగు నిగనిగలాడుతుంటే ముందు అనుమానించండి. రెండో తప్పు, కాలిన ఇంజన్ ఆయిల్ కింద కొట్టడం. అది రబ్బరు బుష్‌లను ఉబ్బిస్తుంది, వానకు కారి నేలలోకి పోతుంది.

కళింగపట్నం, బారువ, భావనపాడు, చింతపల్లి లాంటి తీరపు ఊళ్లలో ఉండేవాళ్లు వారానికోసారైనా మంచినీళ్లతో అడుగు కడగాలి. బీచ్ ఇసుకలోకి బండి దించితే ఆ సాయంత్రమే కడగాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అవి వద్దు.

3. బ్రేకులు

బండి కదలడం కంటే ఆగడం ముఖ్యం కాబట్టి ఇంజన్ కంటే ముందు ఇది.

ముందు చక్రాలు విప్పి ప్యాడ్ల మందం చూడండి. 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చేయండి, రెండు వైపులా ఒకేసారి. డిస్కు ఎంత మందం దాకా వాడొచ్చో దాని మీదే కనిష్ఠ మందం అని పోతపోసి ఉంటుంది. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ జరిగే పిన్నులు బయటికి లాగి చూడండి. ఉప్పుగాలికి అవి బిగుసుకుపోయి ఒకవైపు ప్యాడ్ పూర్తిగా, ఇంకోవైపు సగమే అరిగి ఉండటం మన దగ్గర మామూలు. పిన్ను శుభ్రం చేసి సిలికాన్ బ్రేక్ గ్రీజు పూయండి. మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ బిగుస్తుంది.

వెనక డ్రమ్ము విప్పినప్పుడు వీల్ సిలిండర్ రబ్బరు టోపీని కొద్దిగా లేపండి. లోపల తడి ఉంటే సిలిండర్ మార్చాలి. ధూళిని నోటితో ఊదకండి, తడి గుడ్డతో తుడవండి.

తర్వాత ఫ్లూయిడ్ మార్పు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, తేమ చేరితే ఘాట్ దిగేటప్పుడు వేడికి ఆవిరై పెడల్ మెత్తబడుతుంది. రెండేళ్లకోసారి మార్చాలి, పాత బండికి ఎప్పుడు మార్చారో తెలియదు కాబట్టి ఇప్పుడే మార్చండి. డబ్బా మూత మీద డాట్ 3 అని ఉందో డాట్ 4 అని ఉందో చూసి అదే తేండి. తెరిచి నెలల తరబడి ఉన్న సీసా వాడొద్దు. రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లు పోయండి.

ఒకరు సీట్లో, ఒకరు చక్రం దగ్గర. మన కార్లలో మామూలుగా ఎడమ వెనక చక్రం, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు వరస. మీ బండి పుస్తకంలో వేరే వరస ఉంటే అదే పాటించండి. చక్రం దగ్గర గాలి వదలడానికి ఉండే బ్లీడర్ స్క్రూకు పారదర్శక పైపు తగిలించి, రెండో కొస కొంచెం ఫ్లూయిడ్ ఉన్న సీసాలో ముంచండి. "తొక్కు" అనగానే పెడల్ తొక్కి పట్టుకోవాలి, స్క్రూ తిప్పి బుడగలు పోనిచ్చి బిగించాలి, ఆ తర్వాతే "వదులు". స్క్రూ బిగించక ముందే కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. పైన డబ్బాలో ఫ్లూయిడ్ అడుగంటకుండా చూస్తూ ఉండండి.

ఒక జాగ్రత్త చాలామందికి తెలియదు. పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ పాతదైతే, లోపల ఎప్పుడూ వాడని చివరి భాగంలో తుప్పు గరుకు ఉంటుంది. బ్లీడింగ్‌లో పెడల్‌ను నేల దాకా తొక్కితే లోపలి సీళ్లు ఆ గరుకు మీద గీసుకుని చిరుగుతాయి. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టి సగం కంటే కిందికి పోకుండా చేయండి.

సరిగ్గా వచ్చిందా? ఇంజన్ ఆన్‌లో పెట్టి పెడల్‌ను అర నిమిషం గట్టిగా తొక్కి పట్టుకోండి. మెల్లగా కిందికి దిగిపోతే ఎక్కడో కారుతోంది లేదా మాస్టర్ సిలిండర్ పోయింది. ఖాళీ మైదానంలో 30 వేగంలో తొక్కి ఒక పక్కకు లాగుతోందేమో చూడండి. నాలుగైదు కిలోమీటర్లు తిరిగొచ్చాక నాలుగు చక్రాల దగ్గరా అరచేయి పెట్టి చూడండి, తాకొద్దు. ఒక్కటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది.

4. బ్యాటరీ, ఎర్త్

రాత్రంతా ఆపిన బండికి ఉదయం మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉంది, 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగితే బ్యాటరీ బలహీనం. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. తక్కువుంటే డైనమో లేదా బెల్టు, 15 దాటితే రెగ్యులేటర్ చూడాలి.

బ్యాటరీ మార్చే ముందు మాత్రం ఎర్త్ (బ్యాటరీ నెగెటివ్‌ను ఇంజన్‌కు, బాడీకి కలిపే తీగ) చూడండి. నెగెటివ్ పోల్ మీద మీటరు ఒక కొస, ఇంజన్ లోహం మీద రెండో కొస పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ తీగ బిగింపులో తుప్పుంది. విప్పి, మెరిసే దాకా రుద్ది, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి. హెడ్‌లైట్లు మినుకుమనడం, ఇండికేటర్ వేస్తే మీటర్లు ఊగడం, సెల్ఫ్ మూలగడం లాంటివి మన తీరపు బండ్లలో చాలాసార్లు ఈ ఒక్క పనితో పోతాయి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర.

5. కూలింగ్: ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి

పాత బండి ఇంజన్లు చచ్చేది కిలోమీటర్ల వల్ల తక్కువ, వేడెక్కడం వల్ల ఎక్కువ. వేడెక్కడానికి మూలం చాలావరకు రేడియేటర్‌లో పోసిన బోరు నీళ్లు. ఆ నీళ్లలో ఉప్పు, సున్నం లోపలి గొట్టాల్లో పొరలు కడతాయి, అల్యూమినియాన్ని తింటాయి.

వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయకండి. గుడ్డ వేసి తీసినా మొహం కాలుతుంది. పూర్తిగా చల్లారాకే.

చల్లటి ఇంజన్ మీద మూత తీసి నీళ్ల రంగు చూడండి. టీ రంగులో ఉంటే తుప్పు, పైన నూనె తెట్టె ఉంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్‌కు, బ్లాకుకు మధ్య ఉండే అట్ట) పోయిందని అనుమానం. కింది డ్రెయిన్ బోల్టు లేదా కింది హోస్ విప్పి అంతా ట్రేలోకి దించండి. పాత కూలెంట్ విషం, తియ్యగా ఉంటుంది. కుక్కలు, దూడలు తాగేస్తాయి కాబట్టి వాకిట్లో వదలొద్దు. మంచినీళ్లు నింపి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, ఫ్యాను తిరిగే దాకా నడిపి, చల్లార్చి, మళ్లీ దించండి. తేటగా వచ్చే దాకా ఇదే. చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో. తొందరపడి వేడి ఇంజన్‌లో చల్లనీళ్లు పోస్తే హెడ్ పగులుతుంది.

ఇప్పుడు హోస్‌లు పిసికి చూడండి. పగుళ్లున్నా, క్లిప్పు దగ్గర ఉబ్బినా మార్చండి. రేడియేటర్ ముందు రేకలు వేలితో తాకితే పొడిపొడిగా రాలుతున్నాయంటే ఉప్పుగాలి తినేసింది, రేడియేటర్ మార్చాల్సిందే. మూత రబ్బరు గట్టిపడితే కొత్త మూత తేండి, దాని మీద ఉన్న ప్రెషర్ అంకె పాతదానితో కలవాలి. తక్కువ ఖర్చులో ఎక్కువ లాభం ఇచ్చే ముక్క అది.

తర్వాత థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు. మన దగ్గర బండి వేడెక్కిందంటే కొందరు మొదట చేసే పని దీన్ని పీకేయడం. ఇది చాలా తప్పు. థర్మోస్టాట్ లేని ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు. ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. మీ బండిలో ఉందో లేదో ఇలా తెలుసుకోండి: ఉదయం చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఫ్యానుకు, బెల్టుకు దూరంగా, పై హోస్ మీద చెయ్యి పెట్టండి. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కితే థర్మోస్టాట్ ఉంది, పనిచేస్తోంది. మొదటి నిమిషం నుంచే నెమ్మదిగా వేడెక్కుతూ వస్తే పీకేశారు లేదా తెరుచుకుని ఉండిపోయింది. ఇంజన్ మరిగిపోతున్నా హోస్ చల్లగానే ఉంటే మూసుకుపోయింది. బయటికి తీసినదాన్ని గిన్నెలో నీళ్లలో దారంతో వేలాడదీసి కాచండి. నీళ్లు మరగక ముందే తెరుచుకోవాలి. తెరుచుకునే వేడి 82 అనో 88 అనో దాని మీదే ఉంటుంది. కొత్తది వేసేటప్పుడు కొత్త గాస్కెట్ కూడా.

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి నింపండి. ముందే కలిపి అమ్మేది కొంటే నీళ్లు కలపొద్దు. పచ్చది, గులాబీది ఒకదానిలో ఒకటి పోయొద్దు. మూత తీసే ఉంచి, హీటర్ వేడి మీద పెట్టి, ఇంజన్ నడుపుతూ హోస్‌లను పిసుకుతూ బుడగలు ఆగే దాకా నింపుతూ ఉండండి. గాలి మిగిలిపోతే అంతా కొత్తగా వేసినా బండి వేడెక్కుతుంది. "అన్నీ మార్చాను, అయినా వేడెక్కుతోంది" అనేవాళ్లలో చాలామంది వదిలేసిన పని ఇదే.

పరీక్ష: మధ్యాహ్నం ఎండలో, ఏసీ వేసి, ఆరుబయట ఇరవై నిమిషాలు నిలబెట్టండి. ఆ తర్వాత ఏసీ ఆపి రేడియేటర్ ఫ్యాను తిరగడం, ఆగడం రెండూ చూడండి. విజయనగరంలో ఒక పెద్ద మేస్త్రి కుర్రాళ్లకు చెప్పే మాట: "ఫ్యాను తిరిగిందని సంబరపడిపోకు బావూ, ఆగిందో లేదో సూడు." తిరిగిన ఫ్యాను ఆగడం లేదంటే రేడియేటర్ వేడిని దించలేకపోతోంది.

హెడ్ గాస్కెట్ గుర్తులు: ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గడం, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై హోస్ రాయిలా గట్టిపడటం, రేడియేటర్ నోట్లో బుడగలు ఆగకపోవడం, ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగుకు రావడం. ఆయిల్ మూత కింద మాత్రమే కొంచెం తెల్లటి జిగురుంటే కంగారు పడకండి, దగ్గర దూరాలే తిరిగే బండికి తేమ వల్ల అలా వస్తుంది. డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే చాలు. గాస్కెట్ పోయిందని తేలితే లీకు ఆపే పొడులు పోయొద్దు, అవి రేడియేటర్ గొట్టాలనే మూస్తాయి. హెడ్ విప్పించి ఫేసింగ్ (అడుగు చదును) చేయించండి.

6. ఆయిల్

ఇంజన్ కొద్దిగా వేడెక్కాక ఆపి, డ్రెయిన్ నట్టు విప్పి పది నిమిషాలు కారనివ్వండి. కొత్త ఫిల్టర్ రబ్బరుకు వేలితో ఆయిల్ రాసి చేత్తోనే బిగించండి. పాత ఫిల్టర్ రబ్బరు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోలేదని చూసుకోండి. రెండు రబ్బర్లయితే ఆయిలంతా రోడ్డు మీదే. డ్రెయిన్ నట్టుకు కొత్త వాషర్ వేయండి, బలమంతా పెట్టి బిగించొద్దు, మరలు పోతాయి.

గ్రేడు మీ బండి పుస్తకంలో ఉన్నదే. శబ్దం తగ్గుతుందని చిక్కటి ఆయిల్ పోస్తే జబ్బు కనపడదు, అంతే. ఇంజన్ లోపల కడగాలని డీజిల్, కిరోసిన్ పోసి నడపడం పాత అలవాటు. ఎన్నో ఏళ్ల మడ్డి ఒక్కసారిగా ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడితే ఇంజన్ పట్టేస్తుంది. దాని బదులు ఈ ఆయిల్‌ను 1,000 కిలోమీటర్లకే మార్చండి, తర్వాతది 3,000కు. మడ్డి తనంతట తాను కరిగిపోతుంది. తీసిన ఆయిల్ కాలువలో, పొలంలో పోయకండి. డబ్బాలో పట్టి పాత ఆయిల్ తీసుకునే షెడ్డుకివ్వండి.

7. ప్లగ్గులు, థ్రాటిల్, పెట్రోల్ పైపులు

ప్లగ్గులు చల్లటి ఇంజన్ మీదే విప్పండి, ఏ సిలిండర్‌ది ఏదో వరసగా పెట్టుకోండి. లేత గోధుమ రంగు మంచిది. పొడి నల్ల మసి అయితే పెట్రోల్ ఎక్కువ లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుంది. తడి నల్ల జిడ్డు అయితే ఆయిల్ పైకి వస్తోంది. కొత్తవి వేళ్లతో చివరిదాకా తిప్పి, ఆ తర్వాత సాకెట్‌తో అర చుట్టు కంటే కొంచెం ఎక్కువ. మొదటి చుట్టే బిగువుగా వస్తే ఆపేయండి, మర అడ్డంగా పడుతోంది.

ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజన్ వేగం) ఊగుతుంటే ఇంజన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీని తుడవాలి, దాని క్లీనర్, మెత్తటి గుడ్డ చాలు. 2013 తర్వాతి కార్లలో చాలావాటికి స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ (బండి కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్లు చదివే చోటు) ఉంటుంది. చవక స్కానర్ పెట్టి కోడ్లు ముందు నోటుపుస్తకంలో రాసుకోండి, చెరిపేయడం తర్వాత సంగతి.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరుకు అది పడదు. ఇంజన్ దగ్గర పెట్రోల్ హోస్‌లు వంచి చూసి, పగుళ్లుంటే ఇథనాల్‌ను తట్టుకునే రకం వేయించండి. ఇంజెక్షన్ బండిలో ఆ పైపులో ప్రెషర్ ఉంటుంది, ఆరుబయటే విప్పాలి, దగ్గర్లో పొయ్యి, బీడీ ఉండకూడదు. నెలల తరబడి ట్యాంకు ఖాళీగా ఉంచి బండిని వదిలేయొద్దు.

8. ఇంజన్ ఆరోగ్యం ఎంత?

పొగ చూడండి. రాత్రంతా ఆపి స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలిపొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు. అది పెద్ద ఖర్చు కాదు. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ నీలిపొగ వస్తే పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు అరిగాయి. కంప్రెషన్ గేజి ఉన్న మెకానిక్‌ను పిలిచి అన్ని సిలిండర్లూ కొలిపించండి. ఒకదానికొకటి పది పదిహేను శాతానికి మించి తేడా ఉండకూడదు. తక్కువున్న సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ కొలిస్తే పెరిగిందా, రింగులు. పెరగలేదా, వాల్వులు లేదా గాస్కెట్. ఈ పరీక్ష లేకుండా "బోరు చేయాలి" అన్న మాట నమ్మి ఇంజన్ దించనివ్వకండి.

పాత ఆల్టో, శాంత్రో లాంటివాటికి టైమింగ్ బెల్టు ఉంటుంది, కే10 ఇంజన్లకు చైను. ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు కలిపి మార్పించండి. బెల్టు వేసేటప్పుడు టైమింగ్ గుర్తు ఒక్క పన్ను తప్పినా ఇంజన్‌కే ముప్పు కాబట్టి ఇది అనుభవమున్న చేతికే వదలండి. ఏసీ గ్యాసు, ఎయిర్‌బ్యాగ్ కూడా మీరు ముట్టుకోవద్దు.

క్లచ్ పరీక్ష: ముందు ఎవరూ లేకుండా చూసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, బ్రేకు తొక్కి, మూడో గేరులో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోతే బాగుంది, నడుస్తూనే ఉంటే ప్లేటు అరిగింది.

9. టైర్లు, కింది జాయింట్లు

టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి 1.6 మిల్లీమీటర్లకు దిగినా, పక్కన పగుళ్లున్నా కొత్తవి వేయండి. ఎత్తిన చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడిందంటే బేరింగ్ లేదా బాల్ జాయింట్, కుడి ఎడమలు పట్టి ఊపితే ఆడిందంటే టై రాడ్ ఎండ్. జాయింట్ల మీది రబ్బరు తొడుగులు (బూట్లు) చిరిగితే లోపలికి ఇసుక పోకముందే మార్చండి. ఇవన్నీ అయ్యాకే అలైన్‌మెంట్. ముందు చేయిస్తే ఆ డబ్బు వృథా.

10. రోడ్డు మీద పరీక్ష

ఒకే రోజు అన్నీ మార్చి హైవే ఎక్కకండి. ఒక పని, ఒక చిన్న తిరుగుడు, నోటుపుస్తకంలో ఒక లైను. ఏదైనా తేడా వస్తే ఏ పని తర్వాత వచ్చిందో తెలుస్తుంది.

మొదట ఊళ్లో, తర్వాత శ్రీకాకుళం వాళ్లు మడపాం టోల్ దాకా, విజయనగరం వాళ్లు నాతవలస దాకా 60, 70 వేగంలో వెళ్లి రండి. ఇంటికొచ్చాక బండి కింద తెల్ల అట్ట పరిచి రాత్రంతా ఉంచండి. ఉదయం దాని మీద మరకలు చూడండి. నల్లటిది ఇంజన్ ఆయిల్, పచ్చ లేదా గులాబీ కూలెంట్, చక్రం దగ్గర పల్చటి జిడ్డు బ్రేక్ ఫ్లూయిడ్, ఏసీ వాడితే పడే తేటనీళ్లు మామూలే. బ్రేక్ ఫ్లూయిడ్ మరక కనిపిస్తే బండి తీయొద్దు.

రెండు వారాలు డిప్‌స్టిక్, కూలెంట్ మట్టం ఉదయమే చూసి రాసుకోండి. రెండూ కదలకుండా ఉంటేనే సాలూరు ఘాట్ ఎక్కండి. ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు, లేదంటే స్కానర్‌లో అంకె గమనించండి. దిగేటప్పుడు రెండో గేరులో ఉంచి ఇంజన్‌తోనే వేగం ఆపండి, బ్రేకు మీద కాలు ఆనించి పెట్టొద్దు. కింద బండి ఆపాక చక్రాల వాసన చూడండి. కాలిన వాసన ఒక్క చక్రం నుంచే వస్తే మళ్లీ మూడో అంచెకు వెళ్లి ఆ కాలిపర్ పిన్నులు విప్పండి.